నీళ్ల ముందు బండి

ఆ వానాకాలం మా నాయన ఫోనెత్తి ఎంతమందికి "రాంగ్ నంబర్" అని చెప్పానో నాకే గుర్తు లేదు. దినవారాలు అయిపోయిన మర్నాడు అమ్మ ఆ చిన్న బటన్ల ఫోను నా చేతిలో పెట్టి, ఇది మోగినప్పుడల్లా ప్రాణం జల్లుమంటోంది, నీతో సూర్యాపేట పట్టుకుపో అంది. పట్టుకొచ్చాను. ఆపేసి బీరువాలో పడెయ్యొచ్చు. పడెయ్యలేదు. నా ఫోనుతో పాటు దానికీ చార్జింగ్ పెట్టేదాన్ని, పొద్దున బ్యాగులో వేసుకుని డ్యూటీకి పోయేదాన్ని. సూర్యాపేటలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో రక్తం తీసే పని నాది. ఎవరి చేతికో సూది గుచ్చుతుండగా బ్యాగులోంచి మా నాయన మోగేవాడు.

"లష్కర్ కాటయ్యేనా?" అనేవాళ్లు అవతలి నుంచి. లష్కర్ అంటే కాలువల మీద తూముల షట్టర్లు ఎత్తి దించే మనిషి. సాగర్ ఎడమ కాలువ నుంచి ఊళ్ల మీదికి చీలే పాయల్ని మేజర్లంటారు. మిర్యాలగూడ అవతల అలాంటి ఒక మేజరు మీద మా నాయన ఇరవై తొమ్మిదేళ్లు ఆ పని చేశాడు. ఇంకో ఏడాది ఉంటే రిటైరయ్యేవాడు. జూన్ నెలాఖరులో ఒకరోజు పొద్దున బండి తుడుస్తూ, ఛాతీలో మంటగా ఉందని అరుగు మీద కూర్చున్నాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

ఆ సంగతి ఫోన్లో చెప్పాలి, అంతే. రోజూ ఎంతోమంది చేతికి రకరకాల రిపోర్టులు ఇచ్చేదాన్ని, నా గుండె గట్టిదే అనుకునేదాన్ని. కానీ ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. అందరూ ఏడ్చారు, అందరూ ఆ మాట అన్నారు, నేను మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. లీవ్ లెటర్లో కూడా "ఇంట్లో ఇబ్బంది" అని రాసిచ్చిన ఘనురాలిని. ఫోనులో ఎవరు అడిగినా రాంగ్ నంబరండీ అని పెట్టేసేదాన్ని. కాసేపు ఆగి మళ్లీ సూది పట్టుకునేదాన్ని.

జూలై చివర్లో మల్సూర్ అనే పెద్దాయన ఫోన్ చేశాడు. గొంతు వినగానే ముసలాయన అని తెలిసింది. నేను అలవాటు ప్రకారం నోరు తెరిచేలోపే ఆయనే అందుకున్నాడు. వాళ్లూరి వాళ్లు ఎవరు చేసినా రాంగ్ నంబర్ అంటున్నారట, ఇరవై ఏళ్ల నంబరు రాంగెట్లా అవుతుందని తనే చేశాడట.

"నువ్వు కాటయ్య బిడ్డవేనా?" అన్నాడు.

అవునన్నాను. అది అబద్ధమాడగలిగే ప్రశ్న కాదు.

"నాయన లేడా బిడ్డా?"

"లేడు."

"ఏడికి పోయిండు?"

"బయటికి పోయిండు."

మా వైపు ఎవరైనా ఉత్తగా పోయిండు అంటే చనిపోయాడనే. దాని ముందు "బయటికి" అని ఒక్క మాట తగిలించానో లేదో, మా నాయన లేచి, చెప్పులేసుకుని, వాకిట్లోంచి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. నా కళ్లకు కనిపించాడు కూడా. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

మల్సూర్ తన గోడు చెప్పుకొచ్చాడు. వాళ్లది మా నాయన మేజరు కింద ఆఖరి ఊరు, మఠంపల్లి దాటి కృష్ణకు దగ్గర. నది కనిపిస్తూనే ఉంటుంది గానీ లోతున పారుతుంది, చేనుకు మాత్రం కాలువ నీళ్లే దిక్కు. జూన్‌లో మా నాయన అక్కడికి వెళ్లి, నారు పోసుకోండి, నీళ్లు నేను తోలుకొస్తాను అని చెప్పి వచ్చాడట. ఆ మాట మీద పదకొండు మంది నార్లు పోశారు. పోసి ఇరవై ఎనిమిది రోజులైంది. ఉన్న ఒక్క బోరుతో తలా కాస్త తడిపి కాపాడుకొస్తున్నారు. నలభై రోజులు దాటితే ఆ నారు నాటినా పిలకలు వెయ్యదు, పశువుల ముందు వెయ్యాల్సిందే.

"గీసారి గూడ నీళ్లెంట ఆయనే వస్తడు గదా?" అని అడిగాడు చివర్లో.

"వస్తడు" అన్నాను.

ఫోన్ పెట్టేశాక గానీ నేనేం చేశానో నాకు తెలిసిరాలేదు. చచ్చినవాడి తరఫున వస్తాడని మాటిచ్చాను. నీళ్లు రాకపోతే ఆ ఊళ్లో పదకొండు ఇళ్లవాళ్లు మా నాయన మాట తప్పాడని అనుకుంటారు. ఇరవై తొమ్మిదేళ్లు తప్పని మనిషి, పోయాక తప్పినవాడవుతాడు. అది మాత్రం నావల్ల కాలేదు.

మిర్యాలగూడ పోయి ఇరిగేషన్ ఆఫీసులో ఇంజనీరు సారును అడిగాను. ఆదివారం పొద్దున మేజరుకు నీళ్లొదులుతారు, ఐదు రోజుల వంతు, తర్వాత బంద్. నాయన స్థానంలో ఇంకా ఎవరినీ వెయ్యలేదు. మరి నీళ్ల వెంట ఎవరు పోతారు సార్ అన్నాను. నీళ్లకు తోవ తెలుసమ్మా అని నవ్వాడాయన. మంచివాడే, పాపం. కాకపోతే నీళ్లకు తోవ తెలుసు గానీ నోరుండదు. ఎవరూ ముందు పోకపోతే ప్రతి ఊరివాళ్లూ ఎక్కడికక్కడ అడ్డుకట్టలేసి తమ తూముకు మళ్లించుకుంటారు. ఆఖరి ఊరికి చేరేసరికి కాలువ అడుగున తడి మిగులుతుంది.

అందుకే మా నాయన ప్రతి వానాకాలం నీళ్లకు ముందు బండి మీద పోయేవాడు. నీళ్లు చివరూరికి చేరాకే పై ఊళ్ల తూములు ఎత్తాలన్నది ఆయన కానూను. ఊరూరికీ ఆగి ఆ సంగతే చెప్పి, ఇంకో రోజు ఓపిక పట్టమని బతిమాలి, ముందుకు కదిలేవాడు.

అక్కణ్నుంచి అమ్మ దగ్గరికి పోయేసరికి నాయన బండి గోడ పక్కన పాత పరదా కప్పుకుని ఉంది. చేయి వెయ్యబోతే అమ్మ లోపల్నుంచే కేకేసింది, రెండో మాసికం కాకుండా ఆయన బండి ముట్టొద్దని. ఎందుకు ముట్టాల్సొచ్చిందో గడప మీద కూర్చుని చెప్పాను. రాంగ్ నంబర్ల సంగతి కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. బియ్యం చెరుగుతున్న చాట కింద పెట్టింది.

"వస్తడు అన్నవా?" అంది.

"అన్న."

లేచి వచ్చి తనే పరదా లాగింది. పాత స్ప్లెండరు, సీటుకు నాలుగుచోట్ల టేపు, పక్కన తాడుతో కట్టిన పార, డబ్బాలో షట్టర్లు తిప్పే ఇనుప హ్యాండిలు. ఆ బండి మీదే కాలువ గట్టున నాకు నడపడం నేర్పాడు నాయన. ఆదివారం తెల్లవారగానే కిక్కు కొట్టాను. ఐదుసార్లు కొట్టినా లేవలేదు. అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి చూస్తోంది.

"చోక్ గుంజు. పొద్దుగాల ఏదన్న గుంజకుండ లేస్తదా అది, అచ్చం మీ నాయన లెక్కనే" అంది.

చోక్ గుంజితే లేచింది. ఆ చప్పుడుకు అమ్మ చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది, చేతిలో అన్నం డబ్బా ఉంది. నీళ్ల ముందే ఉండు, వెనకబడితే ఇంక అందుకోలేవు అని మాత్రం చెప్పింది. నేను వీధి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకునే ఉంది.

మిల్లుల రోడ్డంతా లారీలు, ఊక బూడిద. దానిలోంచి బయటపడి మేజరు తల దగ్గరికి చేరేసరికి ఎనిమిది. షట్టరు అప్పటికే ఎత్తారు.

ఒంటరిగా బండి మీద పోవడమంటే జనం గాలిలో దూసుకుపోవడం అనుకుంటారు. నన్ను రెండు బర్రెలు, ఒక మేకల మంద దాటిపోయాయి, ఊతకర్రతో నడిచే ముసలమ్మ కూడా దాటిపోయింది. ఎండిన కాలువలో నీళ్లు అంత మెల్లగా నడుస్తాయి. నిజానికి ముందు వచ్చేవి నీళ్లు కావు, చెత్త. ఆకులు, ప్లాస్టిక్ సీసాలు, తెగిన చెప్పు, నురగ. వాటి వెనక గోధుమరంగు నాలుకలాగా నీళ్లు. నేల పగుళ్లు కనిపించిన చోటల్లా ఆగి, బుడబుడమని వాటిలోకి దిగి, నిండాక మళ్లీ కదులుతాయి. వాటికి ముందు ఎండ్రకాయలు పరుగు. గట్టున కొంగలు మాత్రం పెళ్లివారిలాగా నింపాదిగా నడిచొస్తాయి.

ఫస్ట్ గేరులో అర కిలోమీటరు పోవడం, బండి ఆపి నీళ్లు వచ్చేదాకా కూర్చోవడం, అదీ పని. అలా కూర్చున్నప్పుడు తెలిసింది, నాయన ఇన్నేళ్లు ఎంత ఒంటరిగా ఉన్నాడో. ఇంటికొచ్చి ఏం చేశావంటే "నీళ్లెంట పోయిన" అనేవాడు, మేం సరే అనేవాళ్లం. ఎప్పుడూ ఇంకో మాట అడగలేదు. గట్టున కూర్చుని ఏమాలోచించేవాడో, మమ్మల్నే ఆలోచించేవాడో, ఒక్కరోజన్నా నన్ను కూడా రమ్మనాలనిపించిందో. అడగడానికి ఇప్పుడు మనిషి లేడు. హెల్మెట్ తియ్యకుండా ఏడుద్దామని చూశాను. కన్నీళ్లు రాలేదు, చెమట మాత్రం వచ్చింది.

బండి ఎక్కడ కనిపించినా జనం చేలల్లోంచి గట్టెక్కేవాళ్లు. కాటయ్య బండి అని గబగబా వచ్చి, నన్ను చూసి ఆగిపోయేవాళ్లు. పై ఊళ్లలో ఆయన సంగతి అందరికీ తెలుసు. పాపం మంచి మనిషి అనేవాళ్లు, నేను తలూపేదాన్ని. రేపు చివరికి చేరినంక మీ తూము ఎత్తుతాం అని చెప్పి కదిలేదాన్ని. నాటు కూలికి వచ్చిన కమ్లి అనే ఆమె ఒకచోట మంచినీళ్లిచ్చి, తాగుతుంటే నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు ఊకెనే కూసున్నవేంది? మీ నాయన పిలుస్తుండె" అంది.

"ఎవర్ని?"

"నీళ్లను. దా దా దా అని. లేగదూడను పిలిసినట్టు."

అది నాకు తెలీదు. మా ఇంట్లో ఆయన ఎవర్నీ అంత ముద్దుగా పిలిచింది లేదు. నన్నయితే "ఏయ్ రమ్యా" అనే అరిచేవాడు. నీళ్ల మీద కాస్త అసూయ కలిగిందంటే నమ్మండి. కమ్లి అటు పోగానే చుట్టూ ఎవరూ లేరని చూసుకుని నేనూ పిలిచాను. సిగ్గుగా అనిపించింది. నీళ్లు వాటి దారిన అవి వచ్చాయి.

సాయంత్రానికి సగం దూరం. నాయనైతే గట్టునే తుండుగుడ్డ పరుచుకునేవాడు. నన్ను మాత్రం చీకటి పడకముందే కోదాడలో అన్న ఇంటికి చేరాలని అమ్మ ఒట్టు వేయించుకుంది. అన్న వెంకట్‌కు అక్కడ సెల్ ఫోన్ల షాపు. నేను షాపు ముందుకు వచ్చి ఇంకా బండి ఆపనే లేదు, ఆ చప్పుడుకు అన్న కౌంటర్ వదిలి ఒక్క అంగలో బయటికి వచ్చాడు. నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ ఒక్క క్షణం ఆయన ఎవర్ని చూడబోయాడో నాకు తెలుసు.

వదిన వర్షిణిది జగ్గయ్యపేట వైపు. ఎండనబడి వచ్చావు, ముందు కాళ్లు కడుక్కుని అన్నం తిందువుగానీ రమ్మని వేడినీళ్లు పెట్టింది. తింటుంటే అన్న ఎదురుగా కూర్చుని, నాకెందుకు చెప్పలేదన్నాడు.

"రేపు నేను పోత. నువ్వుండు."

"వస్తడు అన్నది నేను. నేనే పోవాలె."

"పోయి ఏం చెప్తవ్ వాళ్లకు?"

నాకు తెలియదన్నాను. తెల్లవారి లేచి చూస్తే బండి చైనుకు ఆయిల్ కొట్టి ఉంది, ట్యాంకు నిండి ఉంది, అద్దాలు తుడిచి ఉన్నాయి. అన్న పళ్లు తోముకుంటూ అటెటో చూస్తున్నాడు. చేతికి మాత్రం ఆయిల్ మరక.

కాలువ మీదికి వచ్చేసరికి నీళ్లు లేవు. పదహారో కిలోమీటరు రాయి దగ్గర ఉండాల్సిన నీళ్లు ఎక్కడా లేవు. వెనక్కి పోయి చూస్తే కిలోమీటరు పైన కాలువకు అడ్డంగా ఇసుక బస్తాలు, పక్కన ఎత్తిన తూము, దాని కింద ముప్ఫై ఎకరాల మడి నిగనిగలాడుతోంది. గట్టున తెల్లచొక్కాతో సుధాకర్ గారు. ఆ చుట్టుపక్కల పెద్ద రైతు, మండలంలో మాట చెల్లే మనిషి. నన్ను చూసి చెవి దగ్గరి ఫోను తీసి, కుర్చీ తెప్పించమంటావా అమ్మా అని మర్యాదగా అడిగాడు.

బస్తాలు తియ్యాలన్నాను. నీకేం అధికారముందమ్మా అన్నాడు, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు. లేదన్నాను. అయినా తియ్యాలన్నాను. ఆయన నవ్వి మళ్లీ ఫోను చెవిన పెట్టుకున్నాడు.

ఇలాంటి చోట నాయన ఏం చేసేవాడో అమ్మ చెప్పగా విన్నాను. తగువు పెట్టుకునేవాడు కాదు. తూము దిమ్మె మీద కూర్చుని వాళ్ల ఇంటిల్లిపాది బాగోగులు ఒక్కొక్కటే అడిగేవాడు. పెద్దకొడుకు ఎట్లున్నాడు, చిన్నదానికి సంబంధం కుదిరిందా, గేదె ఈనిందా. అడిగీ అడిగీ అవతలివాడికే మొహమాటం పుట్టేదాకా లేచేవాడు కాదు. నేనూ దిమ్మె మీద కూర్చున్నాను. కానీ వాళ్లింట్లో ఎవరున్నారో నాకేం తెలుసు? అలా గంట గడిచింది. కింద కాలువలో ఎండ్రకాయ ఒకటి బస్తా ఎక్కి, జారి, మళ్లీ ఎక్కుతోంది. ఆఖరికి ఆయన మోచేతి మడత చూసి గుర్తుపట్టాను. నరం దొరక్క రెండుసార్లు గుచ్చిన చెయ్యి అది.

"సార్, మీ షుగర్ ఎట్లుంది?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి నావైపు చూశాడు. సూర్యాపేటలో తెల్లకోటు వేసుకుని మాస్కు పెట్టుకున్న పిల్లను ఈ బురద కాళ్ల పిల్లలో వెతుక్కోవడానికి కాసేపు పట్టింది. దొరికాక పెద్దగా నవ్వాడు. పొద్దున నడవమంటే నడుస్తున్నారా, కాళ్లు తిమ్మిర్లు తగ్గాయా అని నేను వరసగా మొదలుపెట్టాను. చాలు చాలని చెయ్యెత్తి, కూలీలను పిలిచి బస్తాలు తియ్యమన్నాడు. తూము నేనే దించాను. ఇనుప హ్యాండిలు బిగుసుకుపోయి ఉంటే ఆయనే వచ్చి ఒక చెయ్యి వేశాడు.

"ఇరవై ఏండ్లు మీ నాయన గీ దిమ్మె మీదనే కూసోని నన్ను గెలిసిండు" అన్నాడు నీళ్లు కదులుతుంటే. "ఆయన పోయినంకనన్న ఒక్కపారి నేను గెలుద్దామనుకున్న."

అందరూ ఎంత సులువుగా అంటారో ఆ మాట. నేను బండెక్కాను.

మధ్యాహ్నం దాటాక నేల రంగు మారింది. దూరంగా సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు, సున్నపురాయి బయటపడ్డ బీళ్లు, కాలువలో నడుమెత్తు గడ్డి. నీళ్లు గడ్డిని తోసుకుంటూ వస్తున్నాయి. ఎక్కడన్నా ఆగితే దిగి పారతో దారి చేసేదాన్ని. ఆఖరి రెండు కిలోమీటర్లు ఎదురుగా ఎవరూ లేరు. మల్సూర్‌కు ఏం చెప్పాలో తిప్పితిప్పి అనుకున్నాను. నాయనకు మోకాళ్ల నొప్పులని చెబుదామా. హైదరాబాద్ పోయాడని చెబుదామా. ఇంకో ఏడాది అలా గడపొచ్చు. మళ్లీ ఏడాది రిటైరయ్యాడని చెప్పొచ్చు. ఆ ఊళ్లో మా నాయన ఇంకెన్నేళ్లయినా బతికే ఉండొచ్చు. ఆ ఆలోచన ఎంత బాగుందో, అంత భయమేసింది.

బండి లేపిన దుమ్ము దూరం నుంచే చూసినట్టున్నారు. కాలువ కొసన జనం నిలబడి ఉన్నారు. "కాటయ్య వచ్చిండు" అని ఎవరో అరవడం నాకు వినిపించింది. బండి ఆపి హెల్మెట్ తీశాను. ముందు నిలబడ్డ పొడుగాటి ముసలాయన, తెల్లమీసాలు, భుజాన తువ్వాల, నన్ను దాటి నా వెనక సీటు చూశాడు. తర్వాత గట్టు వెంట వెనక్కి చూశాడు.

"నాయన ఎనక వస్తున్నడా బిడ్డా?" ఫోన్లో విన్న మల్సూర్ గొంతే అది.

"నాయన పోయిండు" అన్నాను.

"ఏడికి?"

మొన్న ఫోన్లో అంత సులువుగా దొరికిన మాట ఇప్పుడు నాలుక చివరే ఉంది. ఆయన నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆ కళ్లలో అనుమానం లేదు. ఎక్కడికి పోయాడో చెబితే నమ్మడానికి సిద్ధంగా ఉన్న కళ్లు. అంత నమ్మే మనిషికి అబద్ధం చెప్పలేకపోయాను.

"చచ్చిపోయిండు పెదనాయనా. నలభై దినాలైంది. ఫోన్ల మీకు అబద్ధం జెప్పిన."

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. వెనక గడ్డిలో నీళ్ల చప్పుడు దగ్గరకొస్తోంది. మల్సూర్ నన్ను ఎందుకు దాచావని అడగలేదు. జేబులోంచి ఫోను, అగ్గిపెట్టె తీసి గట్టు మీద పెట్టాడు, చెప్పులు విప్పాడు, మెల్లగా కాలువలోకి దిగాడు. నీళ్లు అప్పుడే ఆయన పాదాలు దాటి చీలమండలకు వస్తున్నాయి. కట్టుబట్టలతోనే వాటిలో చతికిలబడి, ఆ చెత్తా నురగా పక్కకు తోసి, రెండు చేతులతో నెత్తిన పోసుకున్నాడు. మళ్లీ పోసుకున్నాడు.

మా దగ్గర చావు కబురు వింటే ఇరుగుపొరుగు అయ్యో అంటారు, మంచివాడంటారు, అంతే. విన్నచోటే తలమీదుగా నీళ్లు పోసుకునేది అయినవాళ్లు మాత్రమే. మా నాయనకు ఈ ఊళ్లో చుట్టాలెవరూ లేరు. ఈయన మా కులమో కాదో కూడా నాకు తెలియదు. ఆయన వెనక ఇంకొకరు దిగారు. తర్వాత మరొకరు. చూస్తుండగానే నీళ్ల కోసం కళ్లు కాయలు కాసేలా చూసిన ఆ పదకొండు మందీ కాలువలో వరసగా కూర్చుని, వచ్చిన మొదటి నీళ్లు నెత్తిన పోసుకుంటున్నారు. ఎవరూ పొలం వైపు చూడటం లేదు.

నా నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. అది ఏడుపని గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది. నలభై రోజులుగా రానిది, బండి పట్టుకుని నిలబడలేనంతగా వచ్చింది. సైడ్ స్టాండు వేసి గట్టు మీద కూలబడ్డాను.

మల్సూర్ నీళ్లోడుతూ పైకి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను ఏడుస్తూనే నారు సంగతి అడిగాను, ముదిరిపోతుంది కదా, ఇప్పుడే పీకడం మొదలుపెట్టమన్నాను. ఆయన తలడ్డంగా ఊపాడు.

"ఇయ్యాల నారు ముట్టం బిడ్డా. రేపు నాటుతం."

"నలభై రోజులైంది పెదనాయనా. దినాలన్నీ అయిపోయినయ్."

"మీకు అయిపోయినయ్. మేం ఇయ్యాల్నే ఇన్నం గదా" అన్నాడు. "మాకు ఇయ్యాల్నే పోయిండు."

నాక్కూడా అంతే. చెప్పులు విప్పి నేనూ కాలువలోకి దిగాను.